స్పెషల్ నీడ్స్ ట్రస్ట్ రాయించుకున్నాం, ఎడిసన్ లా ఆఫీస్ - 5కి 4 స్టార్లు

మా బాబుకి ఆటిజం, మార్చికి 18 నిండుతాయి. అప్పట్నుంచి ఎస్ఎస్ఐ (వైకల్యం ఉన్నవాళ్ళకి అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) వాళ్ళు మా జీతాలు చూడరు, వాడి పేరు మీద ఏముందో అదే చూస్తారు, 2,000 డాలర్లు దాటితే ఆగిపోద్ది. దాంతోపాటు మెడికెయిడ్, అంటే ప్రభుత్వ వైద్య బీమా, పోయిందంటే అసలు కష్టం అక్కడ, ఎందుకంటే న్యూజెర్సీలో 21 తర్వాత డీడీడీ (ఇలాంటి పిల్లలకి పెద్దయ్యాక సాయం చేసే స్టేట్ డిపార్ట్‌మెంట్) సర్వీసులు ఏవి కావాలన్నా మెడికెయిడ్ ఉండాల్సిందే. అందుకే వాడి కోసం పెట్టే డబ్బు వాడి పేరు మీద కాకుండా, ట్రస్టీ చూసుకునే స్పెషల్ నీడ్స్ ట్రస్ట్‌లో పెట్టాలి.

రెండేళ్ళ కింద వేరే లాయర్ దగ్గర ట్రస్ట్ ఒకటి రాయించి, హమ్మయ్య అయిపోయింది అనుకుని బీరువాలో పెట్టేశాం. ఈ లాయర్ మేడమ్ దాన్ని మా ముందే పేజీ పేజీ చదివి, 14వ పేజీలో ఒక పేరా చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఇదెందుకుంది ఇక్కడ అని అడిగారు. బాబు తర్వాత ట్రస్ట్‌లో మిగిలిన దాంట్లోంచి వాడికి పెట్టిన మెడికెయిడ్ ఖర్చు ముందు స్టేట్‌కి కట్టాలని రాసుంది. ఆ రూల్ పిల్లాడి సొంత డబ్బుతో, అంటే యాక్సిడెంట్ సెటిల్‌మెంట్ లాంటి దాంతో పెట్టే ట్రస్ట్‌కంట, అమ్మానాన్నల డబ్బుతో పెట్టేదానికి అస్సలు అక్కర్లేదంట. మా ఇద్దరి లైఫ్ ఇన్సూరెన్స్ వచ్చి పడేది అందులోనే, వాడి తర్వాత వాళ్ళక్కకి వెళ్ళాల్సిన డబ్బు అది! నాకు చేతులు చల్లబడిపోయాయి.

ఇండియాలో ఎవరైనా బాబుకి ఏమన్నా రాశారా అని కూడా అడిగారు. మా నాన్న తెనాలి దగ్గర అరెకరం మనవడి పేరున వీలునామా రాశారు. నేరుగా వాడికొస్తే అది వాడి ఆస్తి కిందే లెక్క. ఆ రాత్రి ఫోన్ చేసి చెప్తే నాన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత "వాడికి ఇవ్వొద్దంటావేంటమ్మా" అన్నారు. వాడికే నాన్నా, నా పేరు మీదుగా ఇద్దాం అని చెప్పి చెప్పి మార్పించాను.

ట్రస్టీ మా తమ్ముడు. వాడిని జూమ్‌లో గంటసేపు కూర్చోబెట్టి అన్నీ చెప్పారు, బాబు చేతికి క్యాష్ ఇవ్వకు, ఇస్తే ఎస్ఎస్ఐలో కోత పడుద్ది, థెరపీ అయినా ఐప్యాడ్ అయినా అమ్మేవాళ్ళకే కట్టు అని. ట్రస్ట్ కట్టే తిండి ఖర్చుని 2024 సెప్టెంబర్ 30 నుంచి ఎస్ఎస్ఐ కోత లెక్కలోంచి తీసేశారు, అద్దె మాత్రం ఇంకా ఉంది, అందుకే అద్దెకి ట్రస్ట్ నుంచి ఏబుల్ అకౌంట్‌లో (వైకల్యం ఉన్నవాళ్ళ పేరున తెరిచే ప్రత్యేక సేవింగ్స్ అకౌంట్) వేసి అక్కణ్ణుంచి కట్టమన్నారు. అందులో లక్ష డాలర్ల దాకా ఎస్ఎస్ఐకి అడ్డం కాదు.

ఫీజు మొత్తం కలిపి 3,500. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే అపాయింట్‌మెంట్‌కే మూడు వారాలు పట్టింది, ఆఫీస్ వాళ్ళు మెయిల్స్‌కి రిప్లై ఇవ్వడం చాలా లేటు, ఇన్సూరెన్స్ నామినీ మార్చే ఫారం కోసం నాలుగుసార్లు అడగాల్సొచ్చింది.

ఆఖర్లో బాబు గురించి ఒక ఉత్తరం రాసి ట్రస్ట్ కాగితాలతో ఉంచమన్నారు, మేం లేనప్పుడు చూసుకునేవాళ్ళ కోసం. మిక్సీ వేసే ముందు వాడికి చెప్పాలి, పెరుగన్నంలో ఆవకాయ కలపొద్దు, పళ్ళెంలో పక్కన పెట్టాలి... ఇప్పటికి ఆరు పేజీలైంది, ఇంకా రాస్తున్నాను.