జనూర్ వాసన లేని కెతుపాత్

ఈ లెబారన్‌కి, అంటే ఇక్కడి రంజాన్ పండక్కి, మా పక్కింటి ఇబు (అమ్మగారు) ఊరెళ్లలేదు. మోకాళ్ల నొప్పులతో మధ్య జావాలోని సోలో దాకా రైల్లో కూర్చోలేనన్నారు. ఈద్ వచ్చిందంటే ముదిక్ పేరుతో అందరూ సొంతూళ్లకు పోతారు, జకార్తాలో మా వీధి బోసిపోతుంది. ఆవిడొక్కరే ఉంటారని "పండగ వంట నేను చేస్తాను బు" అనేశాను. అన్నాక గుర్తొచ్చింది, కెతుపాత్ నేనెప్పుడూ వండలేదని.

అసలైనది జనూర్‌తో, అంటే లేత కొబ్బరాకుతో అల్లిన బుట్టలో బియ్యం పోసి నాలుగైదు గంటలు ఉడికించాలి. నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ పొయ్యి దగ్గరే కాపలా. అంత ఓపిక లేక సూపర్‌మార్కెట్‌లో ఇన్‌స్టంట్ రకం పెట్టె కొన్నాను. సన్నటి చిల్లులున్న ప్లాస్టిక్ సంచుల్లో బియ్యం నింపి సీలు వేసి ఉంటుంది. నీళ్లలో పడేయడమే పని.

పెట్టె మీద గంట అని ఉంది, నాకు గంటన్నర పట్టింది. సంచులు పైకి తేలుతుంటే బరువైన పళ్లెం బోర్లించాను. మొదటిది వేడి మీదే కోశాను, చాకంతా ముద్దన్నమే. మిగతావి రాత్రంతా వదిలేసి, పొద్దున తడిచాకుతో కోస్తే జున్ను ముక్కల్లా తెగాయి. పూర్తిగా చల్లారాకే కోయాలన్న ముక్క పెట్టె మీద ఎక్కడా లేదు. మార్కులు తీసేసింది ముందు దానికే.

ముందురోజు రాత్రి మసీదుల్లోంచి తక్బీర్ వినిపిస్తుంటే, ఇబు మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఓపోర్ అయామ్ అనే కొబ్బరిపాల కోడికూర దగ్గరుండి చేయించారు. ధనియాలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, వేయించిన కెమిరి గింజలు నూరడం. కెమిరి పచ్చిగా తింటే కడుపు చెడుతుందట. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, సలామ్ ఆకు. పసుపు డబ్బా అందుకోబోతే "వద్దు, మా ఇంట్లో తెల్లటిదే" అన్నారు. కొబ్బరిపాలు పోశాక గరిటె ఆపనివ్వలేదు, ఆపితే విరిగిపోతాయని. కాలేజం, బంగాళాదుంపలతో సంబల్ గోరెంగ్ అనే కారపు వేపుడు మాత్రం ఆవిడే ఇంట్లో చేసి తెచ్చారు, నా కారం మీద నమ్మకం లేక.

పండగ పొద్దున దాంతోపాటు జనూర్ కెతుపాత్‌లు రెండు కూడా పట్టుకొచ్చారు. పాసార్‌లో, అంటే సంతలో, పది బుట్టల కట్ట 15 వేల రుపియాకి కొన్నారట. పక్కపక్కన పెట్టి తిన్నాం. ఓపోర్ పులుసు పీల్చుకోవడంలో రెండూ ఒకటే, నా వాటికి వంక పెట్టలేను. కానీ ఆకుది విప్పగానే ఒక వాసన వస్తుంది, పైపొరకి లేతపచ్చ ఛాయ అంటి ఉంటుంది. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు ఎరిగినవాళ్లకి ఆ తేడా చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్‌లోది ఉత్త అన్నం, అంతే.

ఒక్కరే ఉండేవాళ్లకి, చిన్న పొయ్యివాళ్లకి ఇది కొనమనే చెప్తాను. పండక్కి అతిథులొస్తున్నారంటే మాత్రం జనూర్ కట్ట తెచ్చుకుని ఆ నాలుగు గంటలూ కూర్చోండి. ఇబు నా ముక్కలు మర్యాదకి మూడు తిన్నారు, మూడింటికీ పులుసు మళ్లీ పోయించుకున్నారు.

పెట్టెలో ఇంకా రెండు సంచులున్నాయి. రేపు సాతే (పుల్లలకు గుచ్చి కాల్చిన మాంసం) తెప్పించుకుని దాంతో కానిచ్చేస్తాం.