లేజర్ పరిశోధనలో విశ్వవిద్యాలయం, పరిశ్రమ: ఏ పొత్తు మేలు?

లేజర్‌తో లోహాన్ని కోయడంలో గానీ, అతకడంలో గానీ, అరిగిన భాగం మీద కొత్త పూత వేయడంలో గానీ పరిశోధకుడికి చివరకు దక్కే ఫలితం ఒక సమీకరణం కాదు, ఒక అంకెల పట్టిక. లేజర్ శక్తి ఎంత ఉండాలి, కిరణపు చుక్క ఎంత వెడల్పు ఉండాలి, పనిముట్టు తల ఎంత వేగంతో కదలాలి, లోహపు పొడి నిమిషానికి ఎన్ని గ్రాములు రావాలి, ఏ వాయువును ఏ ఒత్తిడితో వదలాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ పట్టిక ఒక యంత్రానికీ, ఒక రకం పొడికీ, ఒక భాగపు ఆకారానికీ కట్టుబడి ఉంటుంది. యంత్రం మారితే చాలావరకు మళ్లీ మొదలుపెట్టవలసిందే. అందువల్ల విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ మధ్య కుదిరిన పొత్తు మంచిదో కాదో తేల్చేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఒప్పందం ముగిశాక ఆ పట్టికను ఇంకొక యంత్రం మీద తిరిగి సాధించగల మనుషులు ఎవరి దగ్గర మిగిలారు?

ఈ ప్రశ్నతో చూసినప్పుడు పోల్చదగిన నమూనాలు ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి జర్మనీలోని ఆఖెన్ నగరానిది, రెండవది అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ నడిపించే సభ్యత్వ కేంద్రాలది.

ఆఖెన్‌లో 1985లో ఏర్పడిన ఫ్రాన్‌హోఫర్ లేజర్ టెక్నాలజీ సంస్థ, అదే ఊరిలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఒకదానికొకటి ఆనుకొని పెరిగాయి. సంస్థకు అధిపతిగా ఉండే వ్యక్తే విశ్వవిద్యాలయంలో లేజర్ టెక్నాలజీ పీఠానికీ ఆచార్యుడిగా ఉండడం అక్కడి ఆనవాయితీ; రైన్‌హార్ట్ పోప్రావె 1996 నుంచి 2019 వరకు ఈ రెండు బాధ్యతలూ మోశారు. డాక్టరేట్ విద్యార్థి సంస్థలో పరిశ్రమ ఇచ్చిన సమస్య మీద పనిచేస్తూ, విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందుతాడు. జర్మనీలో పరిశ్రమకు పనికొచ్చే పరిశోధన చేసే ఫ్రాన్‌హోఫర్ సంస్థలకు ప్రభుత్వం నుంచి స్థిరంగా అందేది మొత్తం నిధుల్లో సుమారు మూడో వంతు మాత్రమే. మిగిలినది కంపెనీల ఒప్పందాల నుంచీ, పోటీపడి గెలుచుకొనే ప్రభుత్వ ప్రాజెక్టుల నుంచీ రావాలి. ఈ ఆర్థిక ఏర్పాటు పరిశోధకుడిని కర్మాగారం వైపు తిప్పుతుంది, కాని ఎవరూ డబ్బు చెల్లించని మౌలిక ప్రశ్నను వెనక్కి నెట్టే ప్రమాదమూ దానిలోనే ఉంది. ఆ లోటును పూడ్చడానికే పక్కన విశ్వవిద్యాలయ పీఠం అవసరమవుతుంది.

ఈ నమూనా ఫలితాన్ని చూపడానికి అత్యధిక వేగపు లేజర్ పూతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. మామూలు లేజర్ క్లాడింగ్‌లో, అంటే లేజర్‌తో లోహపు పూత వేయడంలో, కిరణం ముందు ఆధార లోహాన్ని కరిగించి చిన్న మడుగు చేస్తుంది. పొడి ఆ మడుగులో పడి కరుగుతుంది. కరగడానికి సమయం కావాలి కనుక వేగం నిమిషానికి అర మీటరు నుంచి రెండు మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆఖెన్ పరిశోధకులు పొడిని ఉపరితలానికి కాస్త పైనే, కిరణంలోనే కరిగేటట్లు అమర్చారు. మడుగులో వేచి ఉండవలసిన పని లేకపోవడంతో వేగం నిమిషానికి 200 మీటర్ల దాకా పెరిగింది, పొర మందం మిల్లీమీటరులో పదో వంతుకు, ఇంకా తక్కువకూ దిగింది, ఆధార లోహానికి తగిలే వేడి బాగా తగ్గింది. భాగాలు అరగకుండా, తుప్పు పట్టకుండా క్రోమియం పూత వేసే హార్డ్ క్రోమ్ ప్లేటింగ్‌లో వాడే ఆరు వేలెన్సీల క్రోమియం ఆరోగ్యానికి హానికరం కావడంతో యూరప్ 2017 సెప్టెంబరు నుంచి దాని వాడకానికి ప్రత్యేక అనుమతి తప్పనిసరి చేసిన సమయానికే ఈ ప్రత్యామ్నాయం చేతికి వచ్చింది. ఆ ఏడాదే దీనికి జోసెఫ్ ఫాన్ ఫ్రాన్‌హోఫర్ బహుమతి కూడా దక్కింది.

నేను ఇక్కడ ప్రత్యేకంగా గమనించమని కోరేది బహుమతిని కాదు, పాల్గొన్న వారిని. పద్ధతిని కనిపెట్టింది ఆఖెన్ పరిశోధకులు, యంత్రాన్ని నిర్మించింది నెదర్లాండ్స్‌లోని హార్నెట్ లేజర్ క్లాడింగ్, సముద్రంలో పనిచేసే పొడవాటి హైడ్రాలిక్ సిలిండర్ల మీద దాన్ని వాడుకలో పెట్టింది ఐహెచ్‌సీ వ్రెమాక్. అంటే పరిశోధకుడు, యంత్ర నిర్మాత, యంత్రాన్ని వాడేవాడు ముగ్గురూ ఒకే పనిలో ఉన్నారు.

ఇదే త్రికోణం మరొక చోటా కనిపిస్తుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. అంత కొద్దిసేపే ఉండే లేజర్ మెరుపుతో లోహాన్ని కొడితే, వేడి చుట్టుపక్కలకు పాకకముందే పదార్థం ఆవిరైపోతుంది, రంధ్రపు అంచు శుభ్రంగా ఉంటుంది. ఈ భౌతిక శాస్త్రం 1990లలోనే ప్రయోగశాలల్లో తెలుసు. అయినా పెట్రోలు ఇంజెక్టర్ రంధ్రాలను కర్మాగారంలో రోజంతా ఆగకుండా తొలిచే స్థితికి రావడానికి యేనా విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫాన్ నోల్టె, లేజర్ తయారుచేసే ట్రుంఫ్ నుంచి డిర్క్ సుటర్, దాన్ని వాడే బాష్ నుంచి యెన్స్ క్యోనిగ్ కలిసి పనిచేయవలసి వచ్చింది. 2013లో జర్మనీ అధ్యక్షుడి భవిష్యత్తు పురస్కారం ఈ ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

ఇక అమెరికా నమూనా. జాతీయ విజ్ఞాన ఫౌండేషన్ 1970ల నుంచి నడుపుతున్న పరిశ్రమ–విశ్వవిద్యాలయ సహకార కేంద్రాల్లో కంపెనీలు ఏటా సభ్యత్వ రుసుము చెల్లిస్తాయి, ఏ ప్రాజెక్టులు చేపట్టాలో పారిశ్రామిక సలహా మండలిలో కూర్చొని చెబుతాయి, ఫలితాలను సభ్యులందరూ పంచుకుంటారు. లేజర్లు, ప్లాస్మాలతో తయారీ మీద వర్జీనియా, మిషిగన్, సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతిలోనే ఒక కేంద్రాన్ని నడిపాయి. ఒక రుసుముతో పది ప్రాజెక్టుల ఫలితం చూడగలగడం, లేజర్ కొనే స్తోమత ఇంకా లేని కంపెనీ కూడా ఆ రంగంలో ఏం జరుగుతోందో తెలుసుకోగలగడం, విద్యార్థి తన ఫలితాలను చాలావరకు స్వేచ్ఛగా ప్రచురించగలగడం ఈ పద్ధతిలోని నిజమైన మేళ్లు. విద్యార్థి కోణం నుంచి మాత్రమే చూస్తే నేను దీనికే ఓటు వేస్తాను, ఎందుకంటే ఒప్పంద పరిశోధనలో గోప్యత వల్ల సిద్ధాంత వ్యాసం నెలల తరబడి ఆగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇబ్బంది వేరే చోట ఉంది. పోటీదారు కూడా పక్క కుర్చీలో కూర్చున్నప్పుడు ఏ కంపెనీ అయినా తన అసలు సమస్యను బల్ల మీద పెట్టదు. అందువల్ల వెల్డింగ్ చేసేటప్పుడు లోహంలో గాలి బుడగలు ఎందుకు మిగులుతాయి, చల్లారాక లోపలి ఒత్తిళ్లు ఎలా ఏర్పడతాయి వంటి అందరికీ ఉమ్మడి ప్రశ్నలే అక్కడ తేలతాయి. అవి విలువైన ప్రశ్నలే. అయితే పట్టిక వరకు వచ్చే పని ప్రతి సభ్యుడూ తన గోడల మధ్య ఒంటరిగా చేసుకోవాలి.

ఆచార్యుడే కంపెనీ పెట్టడం మూడో దారి. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జ్యోతి మజుందార్ 1998లో పీఓఎం అనే సంస్థను నెలకొల్పి, పొడితో లోహపు భాగాలను నిర్మించే తన పద్ధతిని మార్కెట్‌కు తీసుకువెళ్లారు. జ్ఞానం ఎక్కడా జారిపోకుండా మనిషితోపాటే వెళ్లడం దీని బలం. ఒక్క మనిషి మీద, ఒక్క ఉత్పత్తి మీద ఆధారపడడం దీని బలహీనత. సాధారణ విధానంగా దీన్ని సూచించడానికి నేను వెనుకాడతాను.

అప్పుడు మన దగ్గర ఏది పనికొస్తుంది? హైదరాబాద్ బాలాపూర్‌లో లోహపు పొడులు, కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద పనిచేసే స్వయంప్రతిపత్తి సంస్థ, దానిలో లేజర్ పదార్థ ప్రక్రియలకు ప్రత్యేక కేంద్రం ఉంది. టెక్నాలజీని ప్రదర్శన స్థాయి దాకా తెచ్చి పరిశ్రమకు బదిలీ చేయడం దాని పద్ధతి. వాయువుల పేలుడు శక్తితో పొడిని ఉపరితలం మీదికి విసిరే డెటొనేషన్ స్ప్రే పూత టెక్నాలజీని ఒక్కరికే కట్టబెట్టకుండా దేశంలో పలువురికి ఇచ్చింది. స్వభావంలో ఇది అమెరికా కేంద్రాల కంటే ఆఖెన్‌కే దగ్గర. బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాల చిన్న ఇంజనీరింగ్ యూనిట్లకు సభ్యత్వ కేంద్రం పెద్దగా ఉపయోగపడదని నా నమ్మకం. అరిగిన షాఫ్ట్‌ను చేతిలో పట్టుకొని వచ్చే యజమానికి ఉమ్మడి ప్రశ్నల మీద నివేదిక కంటే, ఆ షాఫ్ట్ మీద వేసి చూపించిన పూత ఎక్కువ చెబుతుంది.

కాని ఆఖెన్‌ను అనుకరించాలంటే త్రికోణంలో మన దగ్గర బలహీనంగా ఉన్న కోణాన్ని ముందుగా గుర్తించాలి. అది యంత్ర నిర్మాత. ఎక్కువ శక్తి గల లేజర్ మూలాలను, అంటే కిరణాన్ని పుట్టించే పరికరాలను, మనం ఇప్పటికీ ఎక్కువగా దిగుమతి చేసుకుంటున్నాము. మూలం దిగుమతి అయినా, పొడి నాజిల్‌ను, కదలిక వ్యవస్థను, నియంత్రణ సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడే రూపొందించే సంస్థను మొదటి రోజు నుంచే ఒప్పందంలో చేర్చవచ్చు. అలా చేర్చినప్పుడు ఒక ఎం.టెక్ విద్యార్థి ఆరు నెలలు ప్రయోగశాలలోనూ, తరువాతి ఆరు నెలలు యంత్ర నిర్మాత దగ్గరా, షాఫ్ట్‌లు వాడే కర్మాగారంలోనూ పనిచేసేలా ఏర్పాటు చేయవచ్చు. ఒప్పందంలో పేటెంట్ హక్కుల గురించి ఎంత వివరంగా రాస్తారో ఆ విద్యార్థి ఎక్కడ ఎన్ని రోజులు గడపాలన్నదీ అంతే వివరంగా రాయాలి.