కడుపుతో ఉన్నప్పుడు ఉప్పు తినాలనిపిస్తే: చిప్సా, ఊరగాయా, పాప్‌కార్నా, నోరు కట్టుకోవడమా?

ఉప్పు ఉప్పగా ఏదైనా తినాలని మనసు లాగుతుంటే నోరు కట్టుకోవడమే బుద్ధిమంతుల పని అనుకుంటారు చాలామంది. బీపీ మామూలుగా ఉన్న గర్భిణికి నా లెక్కలో అది చివరి దారి. ఉప్పు బాగా తగ్గించినంత మాత్రాన ప్రీఎక్లాంప్సియా (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రమాదం తెచ్చే జబ్బు) రాకుండా ఆగుతుందని పరిశోధనల్లో తేలలేదు. పైగా గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లోని ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, 40–50 శాతం దాకా పెరుగుతుంది, ఆ నీటిని నిలిపి ఉంచడానికి ఉప్పులో ఉండే సోడియం కావాలి. కాబట్టి పూర్తిగా మానడం గురించి కాదు, ఎందులోంచి ఎంత వస్తోందన్నది చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే సుమారు ఒక టీస్పూను. వంటలోది, ప్యాకెట్లలోది అంతా కలిపి.

అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినేది చిప్స్. నిజానికి 30 గ్రాముల చిప్స్‌లో సోడియం సాధారణంగా 150–200 మిల్లీగ్రాములే, అంటే మహా అయితే అర గ్రాము ఉప్పు. ఉప్పంతా పైపైనే అంటుకుని ఉంటుంది కాబట్టి నాలుకకు వెంటనే తగిలి చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. అసలు ఇబ్బంది నూనెతో, చెయ్యి ఆగకపోవడంతో. 100 గ్రాములకు 500 కేలరీలు దాటతాయి, కడుపు మాత్రం నిండదు. గిన్నెలో కొంచెం పోసుకుని ప్యాకెట్ లోపల పెట్టేస్తే చిప్స్ తినడం పెద్ద నేరమేమీ కాదు.

ఊరగాయ దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసు. బరువుకు బరువు చూస్తే ఉప్పు చిప్స్ కన్నా చాలా ఎక్కువే ఉంటుంది. కానీ ఒక ముక్కతో భోజనమంతా గడిచిపోతుంది, పులుపు కూడా ఉప్పు కోరికను కొంత తీరుస్తుంది. అన్నంలోకి చిన్న ముక్క అయితే ఊరగాయకే నా ఓటు. ఖాళీ కడుపుతో ముక్క తర్వాత ముక్క తింటే మాత్రం అది ఓడిపోతుంది. చివరి నెలల్లో గుండెల్లో మంట ఉన్నవాళ్లకు ఆ పులుపూ పడకపోవచ్చు.

సాయంత్రం ఊరికే నమలాలనిపించినప్పుడు ఇంట్లో వేయించిన పాప్‌కార్న్ మేలు. పీచు ఉంటుంది, ఉప్పు మన చేతిలో ఉంటుంది. వేగాక, చివర్లో చల్లితే తక్కువ ఉప్పే ఎక్కువ తెలుస్తుంది. ఆకలి కూడా ఉంటే బాగా ఉడికిన గుడ్డు మీద చిటికెడు ఉప్పు, లేదా గుప్పెడు గింజలు. నన్నడిగితే అన్నిట్లోకీ గుడ్డే ముందు: ప్రొటీన్ వస్తుంది, తిన్నాక మళ్లీ డబ్బాల వైపు చూడబుద్ధి కాదు. చీజ్ కావాలంటే పాశ్చరైజ్ చేసిన (వేడిచేసి క్రిములు చంపిన) పాలతో చేసిందేనా అని లేబుల్ చూడండి. చేయనిదైతే లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం ఉంది, మెత్తటి చీజ్‌ల విషయంలో మరీనూ.

ఎవరూ లెక్కలో వేసుకోనివి ఇన్‌స్టంట్ నూడుల్స్, ప్యాకెట్ సూప్. ఒక్క ప్యాకెట్‌లోనే 1,000 మిల్లీగ్రాముల సోడియం దాటేవి చాలా ఉన్నాయి. లేబుల్ మీది సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది: 1,000 మిల్లీగ్రాములంటే రెండున్నర గ్రాములు, రోజు హద్దులో సగం. కోత పెట్టాలంటే ముందు ఇక్కడే. మసాలా సగమే వేసి, కూరగాయ ముక్కలు, ఒక గుడ్డు కలిపితే రుచేమీ తగ్గదు.

ఉప్పుల్లో ఏది మేలంటే, మామూలు అయోడైజ్డ్ ఉప్పే. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. గులాబీ రంగు రాతి ఉప్పులో చాలావరకు అయోడిన్ కలపరు, సోడియం మాత్రం దాదాపు అంతే ఉంటుంది. పొటాషియం కలిపిన 'లో సోడియం' ఉప్పు ఆరోగ్యకరమని కొనేవాళ్లున్నారు. దాన్ని వాడమని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన గర్భిణులకు వర్తించదు. డాక్టర్‌ని అడగకుండా మార్చవద్దు.

మొదటి నెలల్లో వాంతులతో సతమతమయ్యేవాళ్లు ఈ పోలికలన్నీ పక్కన పెట్టొచ్చు. పొడిగా, ఉప్పగా ఉండే బిస్కెట్ కడుపులో నిలుస్తుంటే అదే తినండి.

ముందునుంచే బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు పైన చెప్పింది పనికిరాదు, వాళ్ల డాక్టర్ చెప్పిన కొలతే కొలత. ముఖం, చేతులు హఠాత్తుగా వాయడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం కనిపిస్తే ఉప్పు తగ్గించి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మట్టి, సుద్ద, ఐసు ముక్కల మీదకు మనసు పోతుంటే అది వేరే సంగతి. ఐరన్ తక్కువైనవాళ్లలో ఇలాంటి కోరికలు కనిపిస్తాయి, సిగ్గుపడకుండా చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.