గణితం ఎక్కడ బాగా ఇముడుతుంది: కథలోనా, నవలలోనా?

జపాన్ రచయిత్రి యోకో ఒగావా 2003లో రాసిన 'ది హౌస్‌కీపర్ అండ్ ది ప్రొఫెసర్' నవల చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ప్రమాదంలో దెబ్బ తగిలి, కొత్త సంగతేదీ ఎనభై నిమిషాలకు మించి గుర్తుండని గణిత ప్రొఫెసర్. ఇంటి పనికి వచ్చిన ఆవిడను పుట్టినరోజు ఎప్పుడని అడుగుతాడు. ఫిబ్రవరి 20 అంటుంది. అంటే 220. ఆయన చేతి గడియారం మీద చెక్కిన బహుమతి నంబరు 284. ఈ రెండూ స్నేహ సంఖ్యలు, అంటే ఒకదాని భాజకాలన్నీ (దాన్ని వదిలేసి) కూడితే రెండోది వస్తుంది.

పుస్తకం పక్కన పెట్టి పెన్సిల్ తీశాను. 220ని వదిలేస్తే, దాన్ని శేషం లేకుండా భాగించేవి 1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110. కూడితే 284. ఇక 284కి 1, 2, 4, 71, 142. కూడితే సరిగ్గా 220. ఆ రెండో కూడిక తేలేసరికి ఒళ్లు పులకరించింది. పరిచయమే నిలవని మనిషి ఎదుటివాళ్లకు ఇవ్వగలిగిన ఆప్యాయత అదే మరి, ఆయన మర్చిపోయినా మారని ఒక నిజం.

అప్పట్నుంచీ గణితం ఉన్న కథ గానీ నవల గానీ చేతికొస్తే నేను చూసేది ఒకటే: పెన్సిల్ తీయించిందా లేదా? ఆ కొలతతో చూస్తే ఎక్కువసార్లు గెలిచేది కథే.

అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1941లో రాసిన 'ది లైబ్రరీ ఆఫ్ బేబెల్' కొద్ది పేజీల కథ. అందులో ఒక లైబ్రరీ. ప్రతి పుస్తకానికీ 410 పేజీలు, పేజీకి 40 వరసలు, వరసకి సుమారు 80 అక్షరాలు, వాడే గుర్తులు మొత్తం 25. ఆ గుర్తులతో రాయగలిగిన పుస్తకాలన్నీ అక్కడ ఉన్నాయి. అసలు లెక్క మాత్రం మనకే వదిలేశాడు. వరసకి సరిగ్గా 80 అనుకుంటే ఒక్కో పుస్తకంలో 13,12,000 గుర్తులు. అన్ని 25లు వేసి గుణిస్తే వచ్చేది పుస్తకాల సంఖ్య. దాన్ని రాయడానికి 18 లక్షలకు పైగా అంకెలు కావాలి. అంటే అక్కడ ఎన్ని పుస్తకాలున్నాయో రాసిపెట్టుకోవడానికే ఆ సైజు పుస్తకం ఒకటి చాలదు, రెండోది తెరవాలి! ఇది తేలాక, అర్థమున్న ఒక్క పుస్తకం కోసం జీవితమంతా వెతికే ఆ మనుషుల దిగులు వేరే చెప్పక్కర్లేదు. ఇదే ఊహను నాలుగు వందల పేజీలకు సాగదీసి ఉంటే పలచబడిపోయేది.

ఆర్థర్ పోర్జెస్ కథ 'ది డెవిల్ అండ్ సైమన్ ఫ్లాగ్' 1954 నాటిది. రెండు పూర్ణ సంఖ్యల ఘనాలు కూడితే ఇంకో పూర్ణ సంఖ్య ఘనం రాదని, అంతకంటే పెద్ద ఘాతాలకూ అంతేనని చెప్పే ఫెర్మా చివరి సిద్ధాంతం నిజమో కాదో 24 గంటల్లో చెప్పమని ఒకాయన సైతానుతో పందెం కాస్తాడు. గణితజ్ఞుడు ఆండ్రూ వైల్స్ దీనికి ఇచ్చిన నిరూపణ 1995లో అచ్చయింది కాబట్టి ఈ కథ పాతబడిపోవాలి. పడలేదు. సైతాను గెలుస్తాడా ఓడతాడా అన్నది కాదు అక్కడ విషయం, ఆ లెక్క ఒకసారి పట్టుకున్నాక వదల్లేకపోవడం. లెక్కల పిచ్చి ఉన్నవాళ్లకు ఆ అవస్థ బాగా తెలుసు.

అయితే చాలా గణిత కథల్లో మనుషులు పేరుకే ఉంటారు. చమత్కారం తెలిసిపోయాక రెండోసారి చదవబుద్ధి కాదు. టెడ్ చియాంగ్ 1991లో రాసిన 'డివిజన్ బై జీరో' అలాంటిది కాదు. అంకగణితమే తనను తాను ఖండించుకుంటోందని నిరూపించి కుప్పకూలిన ఒక గణితజ్ఞురాలు, ఆమె భర్త. చియాంగ్ భాగాలకు నంబర్లు వేసి, ఆమె వైపు ఒకటి, అతని వైపు ఒకటి చెబుతూ వెళ్లి చివరి భాగానికి '9ఏ = 9బీ' అని పేరు పెడతాడు. ఆ సమానం గుర్తు నన్ను రోజుల తరబడి వదల్లేదు.

మరి నవల ఎందుకు? కాలం కోసం. గణితంలో ఎక్కువ భాగం మెరుపు కాదు, ఏళ్ల తరబడి ఏమీ తేలకపోవడం. దాన్ని పది పేజీల్లో చెప్పొచ్చు గానీ అనుభవింపజేయలేం. గ్రీకు రచయిత అపోస్తొలోస్ డాక్సియాడిస్ నవల 'అంకుల్ పెట్రోస్ అండ్ గోల్డ్‌బాక్స్ కంజెక్చర్' చేసిన పని అదే. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చా? 1742 నుంచీ తేలని ఈ ప్రశ్నకు పెట్రోస్ జీవితాన్నే ధారపోస్తాడు. దానికి అసలు నిరూపణే ఉండకపోవచ్చేమో అన్న అనుమానం ఆయనలో మొలకెత్తిన చోట మన గుండె కూడా జారిపోతుంది. అప్పటిదాకా గడిచిన ఏళ్లన్నీ ఆయనతోపాటు మనమూ గడిపాం కదా. 2000లో ఇంగ్లీషు అనువాదం వచ్చినప్పుడు, రెండేళ్లలో నిరూపించినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రచురణకర్తలు ప్రకటించారు. ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు.

నవలల్లో నాకు నచ్చనిది, గణితాన్ని అలంకారంగా వాడుకోవడం. హీరో మేధావి అని చూపడానికి బోర్డు నిండా గుర్తులు రాయిస్తారు. వాటిలో ఒక్కటీ మనకు చెప్పరు. అలాంటి పుస్తకంలో గణితం తీసేసి చదరంగం పెట్టినా ఏమీ మారదు.

అబ్బాట్ 1884లో రాసిన 'ఫ్లాట్‌లాండ్' కథకీ నవలకీ మధ్యలో ఉంటుంది. పొట్టి నవల. మందం లేని లోకంలోకి గోళం వస్తే అక్కడివాళ్లకు కనిపించేది ముందు చుక్క, తర్వాత పెరిగే వృత్తం, మళ్లీ తరిగి మాయం. వాళ్లకు మూడో దిశ ఎలాగో మనకు నాలుగోది అలాగే. ఆ నాలుగో దిశ గురించి ఇంత తేలిగ్గా ఆలోచింపజేసిన పేజీలు నేను ఇంకెక్కడా చూడలేదు.

నన్నడిగితే, లెక్కలంటే ఇప్పటికే ఇష్టం ఉన్నవాళ్లు కథలతోనే మొదలుపెట్టాలి, అదీ బోర్హెస్‌తో. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్ల చేతిలో మాత్రం ఒగావా నవలే పెడతాను, 220 దగ్గర ఒక పెన్సిల్ కూడా ఉంచి.