మనీలాలో పుట్టినరోజు భోజనం: పంది కాదు, రొయ్యే ముంచేది

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో డాక్టరీ చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్లి, మనీలాలో పుట్టినరోజు భోజనం పెట్టుకునే మనవాళ్లకు ముందే ఒక మాట. అక్కడి కొత్తతరం ఫిలిపినో హోటళ్లలో వంటకు వంక పెట్టలేం. కోపమంతా మెనూలో కూరగాయల పేజీ మీదే. పినక్‌బెట్ అంటే వంకాయ, బెండ, కాకర, గుమ్మడి. చూస్తే మన పులుసుకు తరిగినట్టే ఉంటుంది. కానీ అందులో ఉప్పదనం బగోంగ్‌ది, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్దది. కొబ్బరిపాలలో చేమాకు ఉడికించే లాయింగ్‌లోనూ అదే, చాలాచోట్ల ఎండుచేపో పంది ముక్కో కూడా పడుతుంది. పేరులో మాంసం లేదు కదా అని తెప్పిస్తే అమ్మమ్మ పుట్టినరోజున అమ్మమ్మే తెల్లన్నం తిని లేస్తుంది.

'వెజిటేరియనేనా' అన్న ఒక్క ప్రశ్న చాలదు, విడివిడిగా అడగాలి. బాబోయ్ అంటే పంది (ఈ మాట మనవాళ్లు మరిచిపోరు), హిపోన్ అంటే రొయ్య, పాటిస్ అంటే చేపల ఊట. వాటి ముందు 'వలాంగ్' చేరిస్తే 'లేకుండా' అని అర్థం. పుట్టినరోజుకు తప్పనిసరైన పన్సిత్ నూడుల్స్‌కీ ఇదే జాగ్రత్త. ఆయుష్షు పొడవుకు గుర్తు కాబట్టి వాటిని తుంచరు, కానీ ఉడికేది ఎక్కువగా మాంసం రసంలో.

మాంసాహారులకు కరే-కరే తెప్పించండి. 1762లో మనీలాను పట్టుకున్న బ్రిటిషు సైన్యంతో మద్రాసు నుంచి వచ్చిన సిపాయిల్లో కొందరు పక్కనే కైంతాలో ఉండిపోయారు. వాళ్ల కూరే కరే-కరే అయిందని అక్కడ చెప్పుకుంటారు. కథ నమ్మి కారం ఆశిస్తే మాత్రం నిరాశే. వేరుశనగ, వేయించిన బియ్యప్పిండితో చిక్కబడ్డ చప్పటి గుజ్జు అది, లోపల ఎద్దు తోక. ఉప్పు, ఘాటు పక్క గిన్నెలోని బగోంగ్‌తోనే వస్తాయి. పచ్చిమిరప, కలమన్సి నిమ్మ అడిగితే మన నాలుకకు దారికొస్తుంది. మానమ్ లాంటి హోటళ్లలో వంటకాలు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో ఇస్తారు. మొదట చిన్నవే చెప్పండి. పుచ్చకాయ వేసిన సినిగాంగ్ పులుసు అక్కడ పేరున్నది, అందులోదీ గొడ్డుమాంసమే.

ఇక బిల్లు. మెనూ ధరల్లో మామూలుగా 12% వ్యాట్ కలిసే ఉంటుంది. సర్వీస్ చార్జీ చాలాచోట్ల 10%, దాన్ని వేయాల్సింది వ్యాట్ తీసేసిన మొత్తం మీద. 6,720 పీసోలు తింటే అందులో వ్యాట్ 720. మిగిలిన 6,000 మీద 600, మొత్తం 7,320. పీసోకు రూపాయిన్నర వేసుకుంటే దాదాపు 11 వేలు. 672 వేశారంటే వ్యాట్ మీద కూడా చార్జీ లాగారన్నమాట, అడగండి. 2019 చట్టం ప్రకారం ఆ చార్జీ మొత్తం సిబ్బందికే చెందాలి, విడిగా టిప్పు అక్కర్లేదు. 60 దాటినవాళ్లకు 20% రాయితీ బోర్డు చూసి నాన్నగారు పాస్‌పోర్టు తీస్తారు. అది ఫిలిప్పీన్స్ పౌరులకే, వాదించి లాభం లేదు.

బయటి కేకు తెస్తే రుసుము వేసే చోట్లున్నాయి, టేబుల్ బుక్ చేసేటప్పుడే అడగండి. ఆదివారం చర్చి నుంచి కుటుంబాలన్నీ నేరుగా మాల్‌కే వస్తాయి, 11కే వెళ్లి కూర్చోండి. నీళ్లకు 'సర్వీస్ వాటర్' అనండి, ఉచితం. ఒట్టి 'వాటర్' అంటే సీసా వచ్చి బిల్లెక్కుతుంది.