గుంటకు బస్తాలు, నాకు మాత్రలు

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు మావి. నీళ్ళకు మెగ్నీషియం బస్తాల లెక్కన చల్లిన చేతులతోనే, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తుంటే నాకోసం మెగ్నీషియం మాత్రలు కొన్నాను. నెల్లూరులో ఒక మెడికల్ షాపు (పేరెందుకులెండి) అబ్బాయి ఏమీ అడక్కుండానే మెగ్నీషియం ఆక్సైడ్ అనే రకం చేతిలో పెట్టాడు. రెండు రోజులు విరేచనాలు. గట్టు మీద కాపలా ఎట్లా కాశానో నాకే తెలుసు.

రెండోసారి గ్లైసినేట్ అనే ఇంకో రకం మెగ్నీషియం తెచ్చా. 60 మాత్రలు, 540 రూపాయలు. డబ్బా ముందు 1000 మి.గ్రా. అని ఇంత లావు అక్షరాలు. వెనక్కి తిప్పితే, చీమంత అక్షరాల్లో అసలు మెగ్నీషియం 140 మి.గ్రా. ముందున్న వెయ్యి మొత్తం గ్లైసినేట్ బరువు. చూడాల్సింది ఈ రెండో అంకె. మాత్రల రూపంలో పెద్దవాళ్ళు రోజుకు 350 మి.గ్రా. దాటకూడదని అమెరికా వాళ్ళ లెక్క. నేను రాత్రి అన్నం తిన్నాక ఒక్కటే వేసుకుంటున్నా. కడుపు గొడవ లేదు. పిక్కలు కొంచెం నయం. అది మాత్ర వల్లో, మజ్జిగ ఎక్కువ తాగడం వల్లో చెప్పలేను.

మా అమ్మ "నాకూ ఒకటియ్యి రా" అనింది. ఇవ్వలేదు. ఆమెకు కిడ్నీ సమస్య ఉంది, ఎక్కువైన మెగ్నీషియం బయటికి పోక ఒంట్లోనే పేరుకుంటుంది. నా భార్య థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలని డాక్టరు చెప్పాడు. కొన్ని యాంటీబయాటిక్‌లతో కూడా కలిపి మింగకూడదంట. డబ్బా మీద ఇవేవీ లేవు, అందుకే ఈ డబ్బాకు నేనిచ్చేది అయిదుకు మూడు మార్కులే.