బొండకొయ్యా, లాకప్ గదా?

18వ శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెలో తాగి దొరికిపోయారనుకోండి, 1606 నాటి చట్టం ప్రకారం 5 షిల్లింగుల జరిమానా, కట్టలేకపోతే 6 గంటలు బొండకొయ్యలో (కాళ్లు బిగించే రంధ్రాల చెక్కచట్రంలో) కాళ్లు. అంటే ఊరి నడిబొడ్డున కూర్చోబెడితే వచ్చేపోయే ప్రతివాడూ నవ్వుతుంటాడు, కొందరు చెత్త కూడా విసురుతారు, కదలడానికి ఉండదు.

లాకప్ గది అలా కాదు. అది అసలు శిక్షే కాదు, మత్తు దిగేదాకా, లేదా మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లేదాకా ఉంచే చోటు. సోమర్‌సెట్‌లోని క్యాజిల్ క్యారీలో 1779లో కట్టినది ఇప్పటికీ ఉంది: గుండ్రటి రాతి గది, అడ్డం 7 అడుగులే, నలుగురిని తోస్తే ఊపిరాడదు. వీటి బాధ్యత ఎవరిదనుకున్నారు? జీతం లేని ఊరి కానిస్టేబుల్‌ది, పాపం.

నన్నడిగితే చీకటి గదే నయం, కనీసం అత్తింటివాళ్లు చూడరు.